దగ్గరి ఫోటో

"గడ్డం జర కిందికి. ఆఁ, గట్లనే. ఇగ ఊపిరి వట్టు" అన్నాడు హన్మండ్లు.

స్టూలు మీది మనిషి ఊపిరి బిగబట్టాడు. మస్కట్ పోవాలి, పాస్‌పోర్టుకు ఫోటో కావాలని పొద్దున్నే వచ్చిన గిరాకి. పొలంలోంచి నేరుగా వచ్చాడేమో, చెవి వెనక బురద చుక్క ఎండి ఉంది. హన్మండ్లు కెమెరా పక్కన పెట్టి తడిగుడ్డతో ఆ చుక్క తుడిచాడు. కోటు భుజాలు సర్ది, వీపు వెనక ఒక పిన్నీసు గుచ్చాడు. కొక్కేనికి వేలాడే ఆ నల్ల కోటు ఎల్లారెడ్డిలో సగం మంది మగవాళ్ల ఒంటిమీదికి ఎక్కి దిగిందే. ఎవరికీ సరిపోదు గానీ, ఫోటోలో మాత్రం అందరికీ కొలతలు తీసి కుట్టించినట్టే ఉంటుంది.

ఫోటో అంటే మనిషిని ఉన్నదానికంటే కాస్త బాగుచేసి చూపించడమని హన్మండ్లు నమ్మకం. మచ్చ ఉంటే పౌడరు, మెల్లకన్నయితే ముఖం కాస్త పక్కకు, ఎత్తుపళ్లయితే "నవ్వకు, ఊకె చూడు" అనే మాట. ఈ పనిలోనే అతని జుట్టు నెరిసింది. పొట్టి మనిషి, కాస్త ముందుకు వంగిన మెడ. ఒక కన్ను మూసి చూసీ చూసీ ఎడమ కన్ను ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. దాంతో కొత్తవాళ్లు 'వీడు మనల్ని నమ్మడం లేదు' అనుకుంటారు. నిజానికి హన్మండ్లు నమ్మనిదంటూ లోకంలో ఏదీ లేదు.

స్టూడియో అతనిది కాదు. యజమాని భూపాల్ కామారెడ్డిలో పెద్ద స్టూడియో పెట్టుకుని, పెద్ద కెమెరాలూ లైట్లూ అన్నీ అక్కడికి తరలించుకుపోయాడు. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గరి ఈ గదిలో మిగిలింది ఒక నీలం తెర, ఒక స్టూలు, అరచేతిలో ఇమిడే చిన్న కెమెరా, హన్మండ్లు. గదిలో సగాన్ని సాయిలతకు కిరాయికిచ్చాడు. ఆమె జిరాక్సు మిషనూ కంప్యూటరూ పెట్టుకుంది. హన్మండ్లు తీసిన ఫోటోలకు ప్రింట్లు వేసేదీ ఆమే. అతన్ని కాకా అని పిలుస్తుంది. చిరాకొచ్చినప్పుడూ కాకా అనే పిలుస్తుంది, కాకపోతే కాస్త సాగదీసి.

మస్కట్ మనిషి వెళ్లిపోయాక హన్మండ్లు వాకిట్లోకి వచ్చి బస్టాండు వైపు చూశాడు. అక్క రావాలి. ఆమె కాలికి ఫోటో తీయాలి. తనకు తీయడం వస్తుందో రాదో అతనికే తెలియదు.

భూమక్క అతనికి తోడబుట్టిన అక్క. ఉండేది నిజాంసాగర్ కాలువ కింది ఊళ్లో. ఆ మధ్య పొలంలో నారు పోస్తుండగా ఎడమ కాలి వేళ్ల సందులో గాజుపెంకు దిగింది. షుగరు జబ్బుతో కాళ్లకు స్పర్శ ఎప్పుడో పోయింది కాబట్టి ఆమెకు తెలియనే లేదు. సాయంత్రం కాళ్లు కడుక్కుంటుంటే నీళ్లు ఎర్రబడ్డాయి. అదే పుండయింది. కామారెడ్డి డాక్టరు కట్టు కట్టి, మందులు రాసి, ప్రతివారం బస్సులో ఊగుతూ రానక్కర్లేదు, పుండుకు దగ్గరి నుంచి ఫోటో తీసి పంపండి, చూసి చెబుతానన్నాడు. ఎర్రగా ఉంటే మానుతున్నట్టు, నల్లబడితే మాత్రం వెంటనే రావాలి, వేలు తీసేయాల్సి రావచ్చని కూడా అన్నాడు. పోయిన వారం బావ తన ఫోనుతో తీసి పంపితే, అందులో పుండు ఏదో మంచం కోడు ఏదో తెలియలేదని అక్కడి నర్సు లిదియా కోప్పడింది. అప్పుడు భూమక్క ధీమాగా చెప్పిందట, "మా తమ్ముడు ఫోటోలు దీస్తడు. వాడు దీసి పంపుతడు తియ్యి" అని.

ఆ మాట తెలిసినప్పటి నుంచి హన్మండ్లుకు సరిగా నిద్ర లేదు. పెళ్లిళ్లు తీశాడు, శ్రీమంతాలు తీశాడు, పుట్టువెంట్రుకలు తీశాడు. అన్నీ వెనక్కి జరిగి నిలబడి తీసినవే. జానెడు దూరం నుంచి దేన్నీ తీయలేదు. నిన్న ఇంట్లో, భార్య భూదేవి చుడుతున్న బీడీ మీద ప్రయత్నించి చూశాడు. ఏదైనా సరిగా కనబడకపోతే మనిషన్నవాడు దగ్గరికి జరుగుతాడు. ఈ కెమెరా మాత్రం దగ్గరికి జరిగేకొద్దీ మసకబారుతోంది. ఫ్లాషు వేస్తే బీడీ సుద్దముక్కయింది. వేయకపోతే వెనక గోడ మీది బల్లి ఎంతో స్పష్టంగా వచ్చింది, బీడీ రాలేదు. దూరపు కొండలు నునుపంటారు. దీని కంటికి దగ్గరివి కూడా నునుపేనేమిటని తల పట్టుకున్నాడు. "బల్లి ఫోటో మంచిగున్నది, కడిగించు" అంది భూదేవి.

బస్సు దిగి భూమక్క నెమ్మదిగా వచ్చింది. ఎత్తరి మనిషి, తమ్ముడికంటే పొడుగు. నుదుట రూపాయంత బొట్టు. కుడి కాలికి చెప్పు, ఎడమ కాలికి కట్టు, కట్టుకు బురద అంటకుండా పైన పాలిథిన్ కవరు. వచ్చీ రాగానే చేతిసంచి గోడవారగా పెట్టి, బెంచీ మీద కూర్చుని, "చాయ్ తాగినవారా?" అంది. ఆ ప్రశ్న అడిగాకగానీ ఆమెకు ఏ పనీ మొదలుకాదు.

తల్లి పోయినప్పుడు హన్మండ్లు చాలా చిన్నవాడు. కొత్తగా కాపురానికి పోతున్న అక్క అతన్ని కూడా వెంట తీసుకుపోయింది. అత్తగారింటికి ఆడపిల్ల సారె తీసుకుపోతుంది గానీ తమ్ముణ్ణి తీసుకుపోతుందా అని ఊరు నవ్వింది. నవ్వితే నవ్వనీ అంది. కైకిలి కూలికి పోయి, తెచ్చిన గింజలతో అతన్ని పెంచింది. పొలం పనికి వీడు అక్కరకు రాడని తేలాక, ఎల్లారెడ్డికి తీసుకొచ్చి భూపాల్ తండ్రిని బతిమాలి, నీళ్లు మోసైనా సరే నీడపట్టున బతకనీ అని ఈ స్టూడియోలో చేర్చింది. అతను ఎండ ఎరగకుండా ముసలివాడయ్యాడు. ఆమె కాళ్లు మాత్రం బురదలోనే ఉండిపోయాయి. హన్మండ్లు ఆ సంగతి ఎప్పుడూ మర్చిపోలేదు, ఎప్పుడూ నోరు విప్పి చెప్పనూ లేదు.

"నాట్లు షురువైనయిరా. భూమక్కా ఎప్పుడొస్తవని అందరు అడుగుతుండ్రు" అంది ఆమె కవరు విప్పుతూ. "మంచిగ దియ్యి. చూసినోళ్లు కోద్దామనేటట్టు దియ్యకు."

"నేను దీసుడుతోని అయితదా అక్కా" అన్నాడు హన్మండ్లు. అన్నాడు గానీ, అవుతుందేమోనని అతనికీ లోపల ఒక ఆశ ఉంది.

కట్టు విప్పారు. పుండు వేళ్ల సందులో లోపలికి ఉంది. ఆమె అంత వంగలేదు. అతనికి దగ్గరి చూపు తగ్గింది. ఇద్దరికీ అక్కడ ఏదో తడిగా ఉన్నట్టు కనబడిందంతే. కెమెరా జానెడు దూరంలో పెట్టి నొక్కాడు. మసక. ఇంకాస్త దగ్గరికి పెట్టాడు. ఇంకా మసక. కెమెరా తెర మీద చిన్న చదరం ఎర్రగా వెలిగి ఆరిపోతోంది, వద్దు వద్దు అన్నట్టు. చూసీ చూసీ సాయిలత జిరాక్సు ఆపి లేచి వచ్చింది.

"కాకా, గా పువ్వు గుర్తు నొక్కినవా?"

"గది పెండ్లిళ్లకు గద."

సాయిలత అర్థం కానట్టు చూసింది.

"దండలు, పూల పందిరి ఉన్నకాడ గది నొక్కాలె" అన్నాడు హన్మండ్లు, తెలియనివాళ్లకు తెలిసింది చెబుతున్నట్టు.

"అయ్యో కాకా! పువ్వు లెక్క చిన్నగున్నదాన్ని దగ్గరికెల్లి తియ్యనీకి గా గుర్తు."

హన్మండ్లు కెమెరాను తిప్పి ఆ గుర్తును మళ్లీ చూశాడు. పెద్ద కెమెరా కామారెడ్డికి పోయినప్పటి నుంచి ఈ చిన్నదానితో తీసిన ప్రతి ఫంక్షనుకూ భక్తిగా పువ్వు నొక్కే తీశాడు. ఎన్ని శ్రీమంతాలు మసకబారాయో ఆ దేవుడికే ఎరుక. భూమక్క కడుపు పట్టుకుని నవ్వింది. "గిన్నేండ్లు చేసి గిదారా నేర్చింది?" అంది. అతనికీ నవ్వొచ్చింది.

పువ్వు నొక్కగానే ఎర్ర చదరం ఆకుపచ్చగా మారింది. ఇక తీయడమే అనుకునేంతలో భూమక్క కాలు వెనక్కి లాక్కుంది.

"ఇయ్యాల శుక్రవారం. పుణ్యస్త్రీ కాలు పసుపు లేకుండ పరాయి మొగోనికి పంపుతవారా? చూస్తే ఏమనుకుంటడు? మీ బావ బతికే ఉన్నడు గద."

హన్మండ్లుకు ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. అతను పుట్టి బుద్ధెరిగాక తీసిన కాళ్ల ఫోటోలన్నీ పెళ్లిలో కాళ్లు కడిగేటప్పటివే. ఇత్తడి పళ్లెం, పసుపు పాదాలు, మెట్టెలు. మిగతా ఫోటోల్లో మనుషులు ఛాతీ దగ్గరే తెగిపోతారు, కాళ్లెవరిక్కావాలి? పైగా పుండుకు పసుపు మంచిదే గదా. సాయిలత వెనకింటికి పోయి పసుపూ పళ్లెమూ అడిగి తెచ్చింది. తమ్ముడు అక్క పాదమంతా పసుపు మెత్తాడు.

"నాకు మల్ల పెండ్లి జేస్తున్నవా ఏంది?" అని ఆమె కొంగు అడ్డం పెట్టుకుని సిగ్గు నటించింది.

నీలం తెర కాస్త పక్కకు లాగి, మెత్తటి వెలుగు పడేలా చూసుకుని తీశాడు. పాదం బంగారంలా వచ్చింది. వేళ్ల సందులోని తడి కూడా పసుపు కిందికి పోయింది. సాయిలత దాన్ని తన ఫోనులోంచి లిదియాకు పంపింది. భూమక్క తెర మీద ఆ బొమ్మ చూసుకుని, "ఇగ చూడు, ఏమన్న అయిందా దీనికి?" అని మురిసిపోయింది. హన్మండ్లుకు కూడా నిజంగా ఏమీ కాలేదనే అనిపించింది.

కాసేపటికి లిదియా గొంతు ఫోనులో వినబడింది. "అన్నా, పెండ్లిపిల్ల కాలు పంపినవా ఏంది? పసుపంత కడుగు. వేళ్లు ఎడం జేసి సందులకెల్లి తియ్యి. పుండు కనబడాలె గని మెట్టెలు కాదు. సార్ అడుగుతుండు, జల్ది పంపు."

హన్మండ్లుకు అవమానం వేసింది. దానికంటే అయోమయం ఎక్కువ వేసింది. బాగా కనబడేదే బాగా తీసిన ఫోటో అని ఇన్నేళ్లూ అనుకున్నాడు. ఇప్పుడు డాక్టరుకు బాగా కనబడాల్సింది బాగాలేనిది. పుండును బాగా తీయాలా, పుండు బాగుందనిపించేలా తీయాలా? అక్క అడిగింది ఒకటి, నర్సు అడుగుతోంది ఇంకొకటి. రెండింటికీ నొక్కే మీట మాత్రం ఒకటే.

బకెట్టుతో నీళ్లు తెచ్చి కాలు కడిగాడు. గదిలో తీస్తే సందంతా నీడ పడి మసకగా వచ్చింది. వెలుగు కోసం బెంచీని వాకిట్లోకి లాగారు. వానాకాలపు ఎండ, వచ్చినట్టే వచ్చి మబ్బు చాటుకు పోతోంది. అన్నం వేళ దాటిపోయింది, భూదేవి కట్టిచ్చిన డబ్బా మూత తీయలేదు. చేయి వణుకుతోంది. మనుషుల్ని తీసేటప్పుడు తెలియని వణుకు, దగ్గరికొచ్చేసరికి ఇంతదై కనబడుతోంది. సాయిలత దగ్గర తెల్లకాగితాల కట్టలు అడిగి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద కెమెరా పెట్టాడు. మీట నొక్కినప్పుడు కూడా కదులుతోందని గమనించి, కాసేపటికి దానంతటదే తీసుకునేలా టైమరు పెట్టాడు. ఆ టైమరుతో అంతకుముందు అతను చేసిందల్లా, గుంపు ఫోటోల్లోకి పరుగెత్తుకొచ్చి చివరన నిలబడటమే.

ఇంకా సందులో నీడ పోలేదు. ఒక తెల్లకాగితాన్ని ఎండకు ఎదురుగా పట్టుకుని, ఆ వెలుగు వేళ్ల మధ్యకు పడేలా వంచి, నేల మీద బోర్లా పడుకున్నాడు. బస్టాండుకు పోయేవాళ్లు ఆగి, పెద్దమనిషికి ఏమైందని అడిగి పోతున్నారు.

"కదలకక్కా."

"కదిలినా నాకు తెల్వదురా. నువ్వే వట్టుకో."

ఒక చేత్తో కాగితం, ఇంకో చేత్తో ఆమె మడమ పట్టుకున్నాడు. మబ్బు తొలగింది. కెమెరా మీద చిన్న దీపం మిణుకుమిణుకుమని, టిక్కుమంది.

"వచ్చింది! సాయిలతా, వచ్చింది!"

చిన్నపిల్లాడిలా లేచి దుమ్ము కూడా దులుపుకోలేదు. చర్మం మీది గీతలు, వేలి మీది సన్న వెంట్రుక, అన్నీ తేటగా కనబడుతున్నాయి. ఇంత దగ్గరి నుంచి, ఇంత సాఫుగా తీయగలనని అతను ఎన్నడూ అనుకోలేదు. ఆ సంతోషంలో ఏం తీశాడో చూసుకోలేదు.

కంప్యూటరు మీద పెద్దది చేసినప్పుడు చూశాడు. వేళ్ల సందులో ఎరుపు లేదు. మాడిన రొట్టె అంచులా నల్లగా ఉంది. ఆ నలుపు పక్క వేలి కిందికి కూడా పాకింది. "మస్తు సాఫ్ వచ్చింది కా…" అంటున్న సాయిలత మధ్యలోనే ఆగిపోయింది. ఇందాకటి తన కేక గుర్తొచ్చి హన్మండ్లుకు తన మీద తనకే రోత పుట్టింది.

భూమక్క గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కంప్యూటరు తెర నిండా ఆ వేళ్లే ఉన్నాయి.

"ఎవలిదిరా గా కాలు?"

హన్మండ్లు వెనక్కి తిరగలేదు. "పొద్దుగాల ఒక గిరాకి వచ్చిండె. ఆయనది."

"అయ్యో పాపం" అంది. ఇంకాసేపు చూసింది. "కోస్తరు గావచ్చు. మరి నాది మంచిగ వచ్చిందా?"

"మంచిగ వచ్చిందక్కా."

ఆమె మళ్లీ బయటికి పోయి బెంచీ మీద కూర్చుంది. సాయిలత ఫోను చేతిలో పట్టుకుని అతని ముఖం వైపు చూస్తోంది. గదిలో తీసిన మసక ఫోటో ఒకటుంది, ఎండలో తీసిన ఈ తేట ఫోటో ఒకటుంది. రెండూ అక్క కాలే, రెండూ తాను తీసినవే. మసకది పంపితే డాక్టరు మళ్లీ ఇంకోటి అడుగుతాడు, ఇవాళ్టికి గండం గడుస్తుంది, అక్క నాటుకు పోవాలనే ఆశతో ఊరికి పోతుంది. తేటది పంపితే వేలో పాదమో పోతుంది. ఏది అక్కకు చేసే మేలో హన్మండ్లుకు ఎంతకీ తేలలేదు. మింగలేక కక్కలేక కూర్చున్నాడు. ఒకసారి మసకదాని మీద వేలు పెట్టాడు కూడా. అక్క కాలును డాక్టరు కంటపడకుండా తనే దాచినట్టవుతుందని భయమేసిందో, లిదియా గొంతులోని తొందర గుర్తొచ్చిందో, చివరికి "సాఫ్‌గున్నదే పంపు బిడ్డా" అన్నాడు.

ఈసారి లిదియా నేరుగా ఫోను చేసింది. "ఇప్పుడే తీసుకరా అన్నా. రేపటిదాక ఆగొద్దన్నడు సార్. జరం గిట్ల ఉన్నదా చూడు."

బయటికి పోయి అక్క నుదుటి మీద చెయ్యి వేశాడు. కాలుతోంది. ఇందాక మడమ పట్టుకున్నప్పుడు కూడా వెచ్చగానే ఉంది, ఎండలో కూర్చోబెట్టినందుకేమో అనుకున్నాడు.

"డాక్టర్ ఒక్కసారి రమ్మంటుండక్కా."

"మంచిగున్నదంటివి?"

"అవునక్కా, అన్న."

ఆమె కట్టుగుడ్డ తీసి అతని చేతిలో పెట్టింది, అతను కాలికి చుట్టాడు. సాయిలత ఆటోను గుమ్మం దాకా పిలిపించింది, బావకు ఫోను చేసింది. హన్మండ్లు అక్కను రెండు చేతులా ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. తనను చంకనేసుకుని తిరిగిన మనిషి ఇంత తేలికగా ఉండటం అతనికి నచ్చలేదు.

లింగంపేట దాటాక రోడ్డుకు రెండు వైపులా నాట్లు వేస్తున్నారు. ఆడవాళ్లు వరసగా వంగి వెనక్కి జరుగుతున్నారు. భూమక్క తల బయటికి పెట్టి వాళ్లనే చూస్తోంది. హన్మండ్లు ధైర్యం కూడదీసుకున్నాడు.

"అక్కా, గది… కంప్యూటర్ల చూసినవు గద, గా కాలు…"

"నాదే" అంది ఆమె తల తిప్పకుండానే. "గిన్నేండ్లు నన్ను మోసింది. నా కాలు నాకు తెల్వదారా?"

"మరి ఎవలిదని అడిగితివి?"

"నాది అంటే ఇద్దరం ఏడ్సుకుంట కూసుంటుంటిమి. మరి పంపేదెవలు?"

ఆటో గుంతలో పడి లేచింది. హన్మండ్లు కట్టుకట్టిన ఆ కాలును తన ఒళ్లోకి తీసుకుని కదలకుండా పట్టుకున్నాడు. భూమక్క అప్పుడు అతని వైపు తిరిగింది.

"మంచిగ దీసినవురా ఫోటో. గంత సాఫ్ వస్తదనుకోలే."

జన్మలో ఆమె అతని పనిని మెచ్చుకున్నది అదొక్కసారే. దానికి సంతోషించాలో ఏం చేయాలో తెలియక హన్మండ్లు ఏడ్చేశాడు. ఆటో అబ్బాయి అద్దంలో చూసి, పాట గొంతు తగ్గించాడు.

కామారెడ్డిలో ఆ సాయంత్రమే పాదం తీసేశారు. విషం అప్పటికే పైకి పాకిందన్నారు. అక్క ఒక రోజు మాట్లాడింది, ఒక రోజు మాట్లాడలేదు. ఆ మర్నాడు పొద్దున, బావ మందులు తేవడానికి కిందికి పోయినప్పుడు, హన్మండ్లు మంచం పక్కన కునికిపాట్లు పడుతుండగా, భూమక్క పోయింది. నిద్రపోతోందనే అతను కాసేపు అనుకున్నాడు. పోయిన వారమే పుండు ఇంత స్పష్టంగా కనబడి ఉంటే అని డాక్టరు ఏదో చెప్పబోయాడు. హన్మండ్లు దానికి కూడా తలూపాడు.

దినాలయ్యాక స్టూడియో తెరిచాడు. కాలేజీ అమ్మాయి ఒకతె హాల్ టికెట్టుకు ఫోటో కావాలని వచ్చింది. బుగ్గ మీద మొటిమ ఉంది. పౌడరు వేయాలా వద్దా అని అతను డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ అమ్మాయే విసుగొచ్చి, డబ్బా లాక్కుని తనే వేసుకుంది.

ఆమె పోయాక ఊడుద్దామని బెంచీ జరిపితే, గోడవారగా అక్క చేతిసంచి కనబడింది. ఆ రోజు తొందరలో ఎవరూ చూసుకోలేదు. తమ్ముడి కోసం తెచ్చిన మామిడి తొక్కు పచ్చడి సీసా ఒకటి, దాని కింద పాత పేపరులో చుట్టిన పొట్లం ఒకటి. విప్పాడు. కాలు మానిన రోజున వేసుకుందామని వెంట తిప్పుకుంటున్న ఎడమ కాలి చెప్పు, అడుగున దుకాణంవాళ్లు అంటించిన కాగితం ఇంకా ఊడలేదు.